16 నుంచి 45 దాకా: ఒక నవల వెనక ఉన్న ‘విలేజ్’

అమెరికన్ రచయిత్రి ఆన్ లియరీ 2022లో ‘ద ఫౌండ్‌లింగ్’ అని ఒక చారిత్రక నవల రాసింది. కథాకాలం 1927. మేరీ అనే 18 ఏళ్ల అమ్మాయికి పెన్సిల్వేనియాలో, ఊళ్లకు దూరంగా ఉన్న ఒక మానసిక సంస్థలో సెక్రటరీ ఉద్యోగం దొరుకుతుంది. అనాథాశ్రమంలో పెరిగిన పిల్ల. జీతం, ఉండడానికి గది, పైగా పెద్ద చదువులు చదివిన డాక్టరమ్మ అభిమానం. ఇంతకన్నా ఏం కావాలి? కొన్నాళ్లకు అక్కడ బంధించి ఉంచిన ఆడవాళ్లలో, చిన్నప్పుడు తనతో పాటు అదే ఆశ్రమంలో పెరిగిన అమ్మాయి కనిపిస్తుంది. ఆమె మతి మందగించిన మనిషి కాదని మేరీకి తెలుసు.

కథ కల్పితమే. చోటు మాత్రం కల్పితం కాదు. రచయిత్రికి రెండు తరాల ముందటి ఆవిడ, సొంత ఇంటి మనిషే, అలాంటి సంస్థలో స్టెనోగ్రాఫర్‌గా పనిచేసింది. కుటుంబ చరిత్ర వెతుకుతుంటే ఆ సంస్థ పూర్తి పేరు రచయిత్రి కంట పడింది. పెన్సిల్వేనియా ప్రభుత్వం 1913లో చేసిన చట్టంతో వచ్చిన ఆ సంస్థ పేరును తెలుగులో చెప్పుకుంటే ‘పిల్లల్ని కనే వయసులో ఉన్న మందబుద్ధి స్త్రీల విలేజ్’. యూనియన్ కౌంటీలో లారెల్టన్ దగ్గర కట్టారు. న్యూజెర్సీ నుంచి ఐ-80 హైవే మీద కారేసుకుని పడమరకు వెళ్లే మనవాళ్లు ఈ కౌంటీ మీదుగానే పోతారు.

ఆ పేరును కాస్త నెమ్మదిగా చదవాలి. ఆస్పత్రి పేరులో రోగం ఉంటుంది, లేదంటే ఊరు ఉంటుంది. ఇక్కడ గర్భసంచి ఉంది. 16 ఏళ్లు నిండిన వాళ్లనే చేర్చుకునేవారు, 45 దాటితే చేర్చుకునే పని లేదు. జబ్బు నయం చేయడమే ఉద్దేశమైతే 46 ఏళ్ల మనిషికి వైద్యం అక్కర్లేదా? 45 తర్వాత ఆమె బయట తిరిగినా ప్రభుత్వానికి టెన్షన్ లేదు, అంతే.

ఈ ఆలోచన లారెల్టన్‌లో పుట్టలేదు. 1878లో న్యూయార్క్ రాష్ట్రం నూవార్క్ అనే ఊళ్లో ఇలాంటి స్త్రీల కోసమే మొదటి సంస్థ పెట్టింది. దాని వెనక పట్టుపట్టి నిలబడింది జోసెఫిన్ షా లోవెల్ అనే సంఘ సంస్కర్త. ప్రభుత్వ పేదల గృహాల్లో పెళ్లికాని ఆడవాళ్లు బిడ్డల్ని కంటున్నారని ఆవిడ ఆందోళన. ఆ బిడ్డల తండ్రుల్ని బంధించే సంస్థ మాత్రం ఎవరూ కట్టలేదు. తర్వాత అయిదేళ్లకు, 1883లో, ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ ‘యూజెనిక్స్’ అనే మాట పుట్టించాడు. మంచి వంశాలు పెరగాలి, చెడ్డ వంశాలు తరగాలి అన్నది సారాంశం. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూసి, ‘వాళ్లింట్లో ఎవరికైనా మతి చలించిందా’ అని వాకబు చేసి సంబంధం కలుపుకునే మనకు ఈ లెక్క మరీ కొత్తదేమీ కాదు. తేడా ఏమిటంటే అక్కడ ఆ వాకబు పని ప్రభుత్వం చేతుల్లోకి తీసుకుంది.

ప్రభుత్వం ముందు రెండు దారులు కనిపించాయి: ఆపరేషన్ చేసి పిల్లలు పుట్టకుండా చేయడం, లేదా పిల్లలు పుట్టే వయసు గడిచేదాకా లోపల పెట్టి తాళం వేయడం. పెన్సిల్వేనియా శాసనసభ 1905లోనే మొదటి దారికి ఓటేసింది. గవర్నర్ శామ్యూల్ పెనీపాకర్ సంతకం పెట్టలేదు. సంతానం కలగకుండా చూడడమే పరమార్థమైతే అన్నిటికన్నా భద్రమైన పద్ధతి వాళ్ల తలలు నరకడమే కదా అని తిరస్కరిస్తూ రాసిన సందేశంలో వెటకారం చేశాడు. రెండేళ్లకు, 1907లో, ఇండియానా దేశంలోనే మొదటి బలవంతపు ఆపరేషన్ల చట్టం చేసింది. పెన్సిల్వేనియాలో అలాంటి చట్టం ఎప్పటికీ రాలేదు. దాని బదులే ఈ విలేజ్. చట్టం లేని చోట తాళం ఆ పని చేసిందన్నమాట.

మరి ఎవరు మందబుద్ధి? ఇక్కడే హెన్రీ గాడర్డ్ వస్తాడు. న్యూజెర్సీలో వైన్‌ల్యాండ్ ట్రైనింగ్ స్కూల్లో సైకాలజిస్టు. చదువులో వెనకబడిన పిల్లలకు సాయం చేద్దామని పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే 1905లో తయారుచేసిన తెలివి పరీక్షను ఇతను అమెరికాకు తెచ్చాడు. సాయం మాట వెనక్కి పోయి, ఏరివేత మాట ముందుకొచ్చింది. చూడ్డానికి మామూలుగా ఉండి, పరీక్షలో మాత్రం 8 నుంచి 12 ఏళ్ల పిల్లల స్థాయి మార్కులు వచ్చే పెద్దవాళ్లకు 1910లో అతను పెట్టిన పేరు ‘మోరాన్’. ఇవాళ తిట్టుగా వాడుతున్న ఆ మాట పుట్టుకతో శాస్త్ర పదం. 1912లో ‘కాలికాక్ కుటుంబం’ అనే పుస్తకం వేశాడు. గ్రీకులో కాలోస్ అంటే మంచి, కకోస్ అంటే చెడు. ఆ రెండూ కలిపి కల్పించిన ఇంటిపేరు అది. ఒకే పురుషుడికి భార్య ద్వారా మంచి వంశం, సత్రంలో పరిచయమైన పిల్ల ద్వారా చెడ్డ వంశం పుట్టాయని అందులో చూపించాడు. ఆ చెడ్డ కొమ్మకు చివరి రెమ్మగా ‘డెబోరా’ అనే అమ్మాయిని నిలబెట్టాడు. ఆమె అసలు పేరు ఎమ్మా వుల్వర్టన్. 8 ఏళ్ల వయసులో, 1897లో వైన్‌ల్యాండ్‌కు వచ్చింది. కుట్టుపని, వడ్రంగం, బ్యాండులో వాయించడం అన్నీ వచ్చు. పరీక్షలో మాత్రం తప్పింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇలాంటి పరీక్షే దాదాపు 17 లక్షల మంది సైనికులకు పెడితే, తెల్లజాతి వాళ్ల సగటు ‘మానసిక వయసు’ 13 అని తేలింది. అంటే గాడర్డ్ గీత ప్రకారం దేశంలో సుమారు సగం మంది మోరాన్లే. పరీక్ష తప్పేమోనని కొందరు అడిగారు. దేశం చెడిపోతోందని ఎక్కువమంది గగ్గోలు పెట్టారు.

లారెల్టన్ నడిపిన సూపరింటెండెంట్ డాక్టర్ మేరీ వుల్ఫ్. నవలలో డాక్టరమ్మ పాత్ర ఇలాంటి మనిషి నుంచే పుట్టింది. నాకు ఈ చరిత్రలో మింగుడుపడని చోటు ఇదే. ఆ రోజుల్లో ఆడ డాక్టర్లకు ఆస్పత్రుల్లో పదవులు దొరకడమే గగనం. పెన్సిల్వేనియాలోనే నోరిస్‌టౌన్ ఆస్పత్రి 1880లో స్త్రీల విభాగాన్ని డాక్టర్ ఆలిస్ బెన్నెట్‌కు అప్పగించడం పెద్ద సంచలనం. అలా దారి తెరుచుకున్న తరానికి చెందిన ఆవిడే, పేదింటి ఆడపిల్లలకు తలుపు మూసే సంస్థకు పెద్ద అయింది. 1920లో దేశమంతా ఆడవాళ్లకు ఓటు వచ్చింది. లారెల్టన్ లోపలున్న ఆడవాళ్లకు ఇంటికి వెళ్లే తేదీ కూడా తెలీదు.

తాళం వెనక్కి ఎవరు వచ్చేవారు? అనాథలు, పెళ్లికాకుండా గర్భం దాల్చినవాళ్లు, ‘మాట వినదు, చేయి దాటిపోయింది’ అని ఇంట్లోవాళ్లే రాసిచ్చినవాళ్లు. ఇలాంటి సంస్థల్లో వంట, బట్టలుతకడం, పొలం పనులు చాలావరకు వీళ్లే చేసేవారు. బుద్ధిగా ఉంటే ‘పెరోల్’ మీద బయట ఇళ్లల్లో పనికి పంపేవారు. బయట వంటింటిని ఒంటిచేత్తో నెట్టుకురాగల మనిషి తన జీవితాన్ని నడుపుకోలేదని కాగితం మీద రాసి ఉండేది. ఆ కాగితాలు టైపు చేసిన చేతుల్లోంచి కథ చెప్పించడం, నా లెక్కన, ఆ నవలలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం.

కథాకాలంగా 1927ను ఎంచుకోవడం కూడా ఊరికే కాదు. ఆ ఏడాది మే 2న అమెరికా సుప్రీంకోర్టు ‘బక్ వర్సెస్ బెల్’ తీర్పు ఇచ్చింది. క్యారీ బక్ వర్జీనియాలో పెంపుడు ఇంట్లో ఉంటున్న పిల్ల. ఆ ఇంటి బంధువే ఆమెను చెరిచాడు. గర్భం బయటపడగానే పరువు పోతుందని, మందబుద్ధి ముద్ర వేసి అక్కడి ప్రభుత్వ సంస్థకు పంపేశారు. ఆపరేషన్ చట్టం కోర్టులో నిలుస్తుందో లేదో చూసుకోవడానికి ఆమెను ఎంచుకున్నారు. ఆమె తరఫు లాయరు ఒకప్పుడు అదే సంస్థ బోర్డులో సభ్యుడు! ఎనిమిది మంది జడ్జీలు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు. ‘మూడు తరాల మందమతులు చాలు’ అని జస్టిస్ ఆలివర్ వెండెల్ హోమ్స్ రాశాడు. అక్టోబరులో ఆపరేషన్ చేసేశారు. మూడో తరం అని ఆయన లెక్కగట్టింది క్యారీ కూతురు వివియన్‌ను. బడిలో ఆ పిల్ల పేరు మంచి మార్కులవాళ్ల జాబితాకెక్కింది. 1932లో, 8 ఏళ్లకే, జబ్బు చేసి పోయింది.

అమెరికాలో ఇలాంటి ఆపరేషన్లు 60 వేలు దాటాయి. వర్జీనియా గవర్నర్ 2002లో, తీర్పుకు 75 ఏళ్లు నిండిన రోజున, క్షమాపణ చెప్పాడు. లారెల్టన్ సంస్థ పేర్లు మార్చుకుంటూ 1998 దాకా నడిచింది.

గాడర్డ్ మాత్రం తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే, 1928లో, తన మాట వెనక్కి తీసుకున్నాడు. మోరాన్లకు చదువు చెప్పొచ్చు, విడిగా బంధించి ఉంచక్కర్లేదు, నేను శత్రువుల శిబిరంలోకి వెళ్లిపోయినట్టే అన్నాడు. ఎమ్మా వుల్వర్టన్ 1914లోనే వైన్‌ల్యాండ్ స్కూలు నుంచి రోడ్డుకు అవతలి వైపున్న స్త్రీల సంస్థకు మారింది. ఆయన అన్న మాట ఆ రోడ్డు దాటలేదు. 1978లో చనిపోయేదాకా, మొత్తం 81 ఏళ్లు, ఆమె లోపలే ఉంది. ముసలితనంలో బయటకు వెళ్లిపోతావా అని అడిగారు. అప్పటికి ఒంట్లో బాగుండక రోజూ వైద్యం అవసరమవుతోంది. వద్దంది.