లైకులు గల్లాపెట్టెలో పడతాయా? మన సరిహద్దు ఊళ్ల చిన్న వ్యాపారుల అపోహలు, వాస్తవాలు

ఆంధ్రా సరిహద్దు పక్కనున్న ఒడిశా ఊళ్లు బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో చిన్న వ్యాపారుల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు చూసుకోవడం నా పని. ఇంట్లో అప్పడాలు, పచ్చళ్లు చేసి అమ్మే ఆడవాళ్లు, పట్టుచీరల షాపులు, టైలర్లు, మిఠాయి కొట్లు... ఎక్కడికెళ్లినా రెండు మాటల్లో ఒకటి వినబడుతుంది. “లైకులొస్తే ఏటి బాబూ, బియ్యం వస్తాయా?” అని కొందరు. “ఎంతైనా ఇస్తాను, లక్ష లైకులు తెచ్చిపెట్టు” అని ఇంకొందరు. ఈ రెండు మాటలవల్లా మంచి సరుకున్న కొట్లు వెనకబడిపోతున్నాయి.

అపోహ: లైకుతో బేరం అవదు, కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

బేరం అవదన్నది నిజమే. కానీ మీ పోస్టు ఇంకెంతమంది కళ్లబడాలో తేల్చేవాటిలో లైకు ఒకటి. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సెరి 2025 జనవరిలో ముఖ్యమైనవి మూడని చెప్పారు. వీడియోను ఎంతసేపు చూశారు, చూసినవాళ్లలో ఎందరు లైక్ కొట్టారు, ఎందరు దాన్ని మరొకరికి పంపారు. ఇప్పటికే మిమ్మల్ని ఫాలో అవుతున్నవాళ్లకు పోస్టు చేరడానికి లైకు ఎక్కువ పనికొస్తుంది. మీ పేరే తెలియని కొత్తవాళ్లకు చేరాలంటే ఒకరు ఇంకొకరికి పంపడమే ఎక్కువ బలం.

పట్టుచీరల షాపుకి ఇది ప్రాణం లాంటి సంగతి. పెళ్లిచీర ఎవరూ ఒంటరిగా ఎంచుకోరు. బరంపురంలో ఉన్న కోడలు రీల్ చూసి సోంపేటలో అత్తగారికి పంపుతుంది, ఆవిడ ఆడపడుచుకి చూపిస్తుంది. అలా పంపాలనిపించాలంటే వీడియోలో కుంభం అంచు (గుడి గోపురంలా నేసిన అంచు) దగ్గరగా కనబడాలి, ధర చెప్పాలి, జాకెట్టు ముక్క ఉందో లేదో చెప్పాలి, షాపు ఏ వీధిలో ఉందో చెప్పాలి. సినిమా పాట పెట్టి చీరను గిరగిరా తిప్పితే చూసి ఊరుకుంటారు, పంపరు.

అపోహ: డబ్బిచ్చి లైకులు, ఫాలోవర్లను కొంటే పేజీకి పరపతి పెరుగుతుంది.

దీనిమీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. కొనొద్దు, ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. పైన చెప్పిన లెక్క మళ్లీ చూడండి. ఎన్ని లైకులొచ్చాయన్నదొక్కటే కాదు, చూసినవాళ్లలో ఎందరు కొట్టారన్నది కూడా చూస్తారు. కొన్న ఫాలోవర్లు మీ పచ్చడి వీడియో చూడరు, చూసినా కదలరు. అంకె పెరుగుతుంది, రీచ్ (పోస్టు చేరే మనుషుల సంఖ్య) పడిపోతుంది. తరవాత మీ ఫాలోవర్లకే బూస్ట్ చేద్దామనుకుంటే, అంటే డబ్బు కట్టి పోస్టును చూపిద్దామనుకుంటే, ఆ దొంగ ఖాతాలకి చూపించడానికీ మీరే కట్టాలి. పైగా అది ఆ కంపెనీల నియమాలకు విరుద్ధం, దొంగ ఖాతాలను వాళ్లు ఏరి తీసేస్తుంటారు కూడా. మూడొందల మంది ఫాలోవర్లున్నా అందరూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే అయితే అది మంచి పేజీ.

అపోహ: షాపు ఒడిశాలో ఉంది, బూస్ట్ చేసేటప్పుడు ఒడిశా అని పెడితే సరి.

మన ప్రాంతంలో ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. రాష్ట్రం పేరు పెడితే సంబల్‌పూర్ మనిషికీ, బాలాసోర్ మనిషికీ మీ మిఠాయి కనబడుతుంది, సరిహద్దుకి అవతల ఆంధ్రాలో ఉన్న ఇచ్ఛాపురం మనిషికి కనబడదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట జనం బట్టలకీ, బంగారానికీ, ఆస్పత్రికీ బరంపురం వస్తారని మీకు తెలుసు, యాప్‌కి తెలియదు. పర్లాకిమిడి షాపుకి పాతపట్నం పక్క ఊరే, అయినా అది శ్రీకాకుళం జిల్లా. రాయగడ కొట్టుకి పార్వతీపురం నుంచీ బేరాలుంటాయి. అందుకని రాష్ట్రం తీసేసి మీ ఊరు పేరు పెట్టి, చుట్టూ ఇన్ని కిలోమీటర్లు అని ఎంచుకోండి. బరంపురానికి 40 పెడితే ఇచ్ఛాపురం కలిసిపోతుంది. మ్యాపు మీద ఆ వలయం సరిహద్దు దాటిందో లేదో కళ్లతో చూసుకున్నాకే డబ్బు కట్టండి. బూస్ట్ ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి.

అపోహ: మనవాళ్ల కోసం కాబట్టి అంతా తెలుగులోనే రాయాలి.

మన ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామంది ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివారు. వింటే అర్థమవుతుంది, అక్షరాలు చదవలేరు. ఈ లోటు నాకు బాధగానే ఉంటుంది, కానీ వ్యాపారం ఉన్న పరిస్థితిని బట్టే నడవాలి. వీడియోలో గొంతు తెలుగులో పెట్టండి, తెరమీద ధర, చిరునామా ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ వేయండి. ఒడియా కొనుగోలుదారు తెరమీద చదువుకుంటాడు, మన అమ్మమ్మ విని తెలుసుకుంటుంది. కామెంటు ఏ భాషలో వస్తే ఆ భాషలోనే జవాబివ్వండి. ఇంగ్లీషు అక్షరాల్లో “రేటు ఎంత అన్నా” అని తెలుగులో అడిగితే, అదే అక్షరాల్లో తెలుగులోనే చెప్పండి. ప్రకటన పెట్టేటప్పుడు భాష అన్నచోట తెలుగు ఒక్కటే ఎంచుకోకండి. ఫోన్ ఇంగ్లీషులో పెట్టుకున్న మనవాళ్లు తప్పిపోయే ప్రమాదం ఉంది.

అపోహ: ధర కామెంట్లో చెప్తే పోటీవాడు చూసేస్తాడు.

పోటీవాడు మనిషిని పంపైనా మీ ధర తెలుసుకుంటాడు. “ఇన్‌బాక్స్ చూడండి” అన్న జవాబు చూసి వెళ్లిపోయేది మాత్రం కొనేవాళ్లే. ఒకరు అడిగిన కిలో ఆవకాయ ధరకి అక్కడే జవాబిస్తే, ఆ తరవాత వచ్చినవాళ్లందరూ చదువుకుంటారు. పార్సిల్ పంపుతారా, ఎన్నాళ్లు నిలవుంటుంది, నూనె ఏది అని కింద మాటలు సాగుతాయి. ఒక కామెంటు పది ప్రశ్నలకు దారి తీసే చోటు అదే. తిట్టిన కామెంటు కూడా తీసేయకండి, బూతులైతే తప్ప. “అప్పడాలు విరిగిపోయి వచ్చాయి” అంటే “మళ్లీ పంపిస్తామమ్మా” అని అందరి ముందే చెప్పి, నిజంగా పంపండి.

“లైక్ కొట్టి, షేర్ చేసి, ముగ్గుర్ని ట్యాగ్ చేస్తే బహుమతి” అన్న పోస్టుల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఇలా లైకులు అడుక్కునే పోస్టులను కిందికి నెట్టేస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది. రోజూ పోస్టు పెట్టి తీరాలన్నదీ అపోహే. వారానికి రెండు మంచి వీడియోలు చాలు.

అపోహ: లైకులు తక్కువొస్తే ఆ పోస్టు దండగ.

పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో చేసే బొమ్మ తయారీ వీడియోకి లైకులు బాగా వస్తాయి, ఎందుకంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. “రేపు పండగకి షాపు ఎప్పటిదాకా తెరిచుంటుంది” అన్న పోస్టుకి లైకులు రావు, ఫోన్లు వస్తాయి. అందుకే ఇన్‌సైట్స్‌లో (యాప్‌లో మీ పేజీ లెక్కలు కనబడే చోట) సేవ్‌లు, షేర్లు చూడండి, కాల్ బటన్ ఎందరు నొక్కారో చూడండి, వాట్సాప్ బిజినెస్‌లో కొత్త నంబర్లు ఎన్నొచ్చాయో చూడండి. కౌంటర్ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి, వచ్చినవాళ్లను “మా గురించి ఎక్కడ చూశారండీ, ఏ ఊరు నుంచి వచ్చారు?” అని అడిగి రాసుకోండి. నెలాఖర్న ఆ ఊళ్ల పేర్లు చూసి, వచ్చే నెల బూస్ట్ వలయం ఎటు జరపాలో ఎంచుకోండి.