కొండలో కాలు జారితే మోసుకొచ్చేదెవరు?

తిరుపతి దగ్గరి తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు. ఆదివారం పూట అక్కడి గుండంలో ఎవరైనా మునిగితే ముందు పరిగెత్తేది దగ్గర్లో అంగడి పెట్టుకున్నవాళ్లు, ఫారెస్టు వాచర్లు, అడవి దారులు తెలిసిన యానాదులు. ఫైర్ స్టేషన్ వాళ్లు చేరేసరికే వీళ్లు నీళ్లలో ఉంటారు. వీళ్లకు శిక్షణ లేదు, చేతిలో సరైన తాడు కూడా ఉండదు. అయినా దిగుతారు.

చెన్నై కుర్రాళ్లు గుంపులుగా వచ్చే నాగలాపురం కొండల్లోనూ ఇదే తీరు. తిరుమల తీర్థాల సంగతి కొంత నయం. రామకృష్ణ, కుమారధార, తుంబురు తీర్థ ముక్కోటి రోజుల్లో టీటీడీ వైద్య సిబ్బందిని పెడుతుంది. కానీ కొండ ముహూర్తం చూసుకోదు కదా. 2021 నవంబర్ వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, మళ్లీ 2022 మేలో గానీ తెరవలేదు. 2021 డిసెంబర్ 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండలు దొర్లిపడ్డాయి.

మిగతా చోట్ల కూడా మొదట్లో మనలాగే ఉండేది. 1896లో ఆస్ట్రియాలోని రాక్స్ కొండపై మంచు విరిగిపడి ముగ్గురు చనిపోయారు. ఆ ఏడాదే వియన్నాలో కొండలెక్కేవాళ్లంతా కలిసి రక్షణ దళం కట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో 1928లో లాడో బండల దగ్గర ఒకాయన పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. స్నేహితులు చేతికి దొరికినవాటితో డోలీ కట్టి మోశారు. నొప్పి తగ్గించే మందు లేదు, ఆస్పత్రి చేరడానికి గంటలు పట్టింది. చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. దారిలో పడ్డ ఆ బాధే ఎక్కువ చేటు చేసిందని సర్జన్ విల్సన్ హే నమ్మాడు. అందుకే రక్షణ బృందాలకు మార్ఫిన్ తానే ఇచ్చేవాడు. చట్టం ఒప్పుకోని ఆ పనికి 1949లో ఆయనకు శిక్ష పడింది. ఆ తర్వాతే ప్రభుత్వం దిగివచ్చి అనుమతించింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మనిషి ఆయనే.

గుహల్లో చిక్కుకున్నవాళ్ల కోసం 1935లో యార్క్‌షైర్‌లో ప్రత్యేక సంఘం పుట్టింది. ఆ స్వచ్ఛంద సంప్రదాయంలో పెరిగిన బ్రిటిష్ డైవర్లే 2018లో థాయ్‌లాండ్ గుహలో 12 మంది పిల్లల్ని, వాళ్ల కోచ్‌ని కనిపెట్టారు. బ్రిటన్‌లో ఇప్పటికీ పోలీసులకు ఫోన్ చేస్తే చాలు, వలంటీర్లు చేస్తున్న పని వదిలేసి వస్తారు. పైసా తీసుకోరు.

మన దగ్గర 2006లో ఎన్‌డీఆర్‌ఎఫ్, అంటే జాతీయ విపత్తు స్పందన దళం వచ్చింది. దాని బెటాలియన్ ఒకటి అరక్కోణంలోనే ఉంది, మనకు దగ్గరే. వరదలకు, తుపానులకు ఆ బలగం కావాల్సిందే. లోయలో చిక్కిన ఒక్క మనిషికి మాత్రం మొదటి కొన్ని గంటలే కీలకం. 2022లో కేరళ మలంపుళలో కొండ చరియలో ఇరుక్కున్న యువకుడిని సైన్యం వచ్చి తీసేసరికి దాదాపు 45 గంటలు గడిచాయి.

108 అంబులెన్స్ సేవ 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. కానీ ఆ బండి రోడ్డు ఉన్నంత వరకే వస్తుంది. తలకోనలో, నాగలాపురంలో ఆ ఊళ్ల కుర్రాళ్లనే పదేసి మందిని ఎంచి, తాడు పని, ప్రథమ చికిత్స నేర్పి, బీమా కట్టి, మడత స్ట్రెచర్ ఒకటి అక్కడే ఉంచాలి. ఎలాగూ ముందు నీళ్లలోకి దిగేది వాళ్లే.