మోర్ పిల్లలు నలుగురూ ఓడెక్కింది ఎందుకు?

అమెరికాలో 'మాది మేఫ్లవర్ వంశం' అని చెప్పుకోవడం ఇప్పటికీ ఒక మోజు. 1620లో ఇంగ్లాండ్ నుంచి మేఫ్లవర్ అనే ఓడలో అమెరికాకి వలస బయలుదేరిన 102 మంది సంతతి కోసం 1897లో ఒక సంఘమే పెట్టుకున్నారు. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ వస్తే అక్కడి బడుల్లో మన తెలుగు పిల్లలు కూడా ఆ ఓడ బొమ్మకి రంగులేస్తారు. సంఘంలో చేరాలంటే మాత్రం మాటలు చాలవు, ప్రతి తరానికీ కాగితం చూపించాలి.

ఆ సంఘం ఒప్పుకునే మూలపురుషుల్లో రిచర్డ్ మోర్ ఒకడు. ఓడెక్కేనాటికి అతనికి ఆరేళ్లు కూడా నిండలేదు. అమ్మా నాన్నా వెంట లేరు. ఎనిమిదేళ్ల అక్క ఎలెన్, ఏడేళ్ల అన్న జాస్పర్, నాలుగేళ్ల చెల్లి మేరీ ఉన్నారు. నలుగురినీ ఓడలోని పెద్దలకి పంచారు: ఎలెన్ ఎడ్వర్డ్ విన్‌స్లో ఇంటికి, జాస్పర్ జాన్ కార్వర్ ఇంటికి, చిన్నవాళ్లిద్దరూ విలియం బ్రూస్టర్ ఇంటికి. మొదటి చలికాలం దాటేసరికి ముగ్గురు పోయారు. జాస్పర్ అయితే డిసెంబరులోనే, ఓడ ఇంకా అమెరికా తీరంలోని కేప్ కాడ్ దగ్గర లంగరు వేసి ఉండగానే పోయాడు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ వలస గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ ప్రయాణికుల జాబితా రాస్తూ మేరీ ఆడపిల్లన్న సంగతే మరిచిపోయి, రిచర్డ్ సోదరుడని రాసేశాడు.

ఆ రోజుల్లో లండన్ వీధుల్లోని దిక్కులేని పిల్లల్ని పోగుచేసి వర్జీనియాకి పంపేవాళ్లు. వీళ్లూ అలాంటి అనాథలే అనుకుని చరిత్రకారులు చాలాకాలం సరిపెట్టుకున్నారు. 1959లో ఇంగ్లాండ్‌లో మోర్ వారసుల ఇంట్లో పాత కాగితాలు బయటపడితేగానీ అసలు కథ తెలియలేదు.

ఊరు ష్రాప్‌షైర్ ప్రాంతంలోని లార్డెన్. అక్కడి భూస్వామి, ఈ పిల్లల తాత జాస్పర్ మోర్‌కి కొడుకులు దక్కలేదు. ఆస్తి మోర్‌ల చేతుల్లోంచి జారకుండా 1611లో కూతురు కేథరిన్‌ని బంధువుల అబ్బాయి శామ్యూల్ మోర్‌కి ఇచ్చి చేశారు. పెళ్లికొడుక్కి పదహారో పదిహేడో, పెళ్లికూతురు అతనికంటే పెద్దది. మన దగ్గర ఆస్తి గడప దాటకూడదని మేనరికాలు కలుపుకుంటారు గానీ ఒకే ఇంటిపేరు వాళ్లకి పెళ్లి చేయడానికి జంకుతారు. వీళ్లకి ఆ జంకు లేదు. అందుకే తర్వాత పిల్లల తండ్రి ఎవరన్న తగాదా ఎంత ముదిరినా వాళ్ల ఇంటిపేరుకి ఢోకా రాలేదు. తల్లి పుట్టింటి పేరూ మోరే కదా.

నలుగురు పిల్లలు పుట్టాక, 1616లో, శామ్యూల్‌కి అనుమానం ముదిరింది. పిల్లల్లో ఎక్కువమంది పోలికలు జేకబ్ బ్లేక్‌వే అనే ఒక మామూలు మనిషివని అతని వాదన. ఆస్తి వాళ్లకి పోకుండా కట్టుదిట్టం చేశాడు. పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి తీసేసి తన తండ్రి కౌలుదారు ఇంట్లో పెట్టాడు. కేథరిన్ అక్కడికి వచ్చి గొడవపడి పిల్లల ఒంటి మీది బట్టలు చింపిందట. కోర్టులు తిరిగినా ఆమెకి ఫలితం దక్కలేదు. 1620 జూలైలో కేసు ముగిసింది. ఆ వేసవిలోనే పిల్లల్ని వలస వ్యాపారి థామస్ వెస్టన్ మనుషులకి అప్పగించారు. ఏడేళ్లు తిండీ బట్టా చూసి, తర్వాత తలా 50 ఎకరాలు ఇవ్వాలన్నది ఒప్పందం.

ఇక్కడే నాకు ఒక ఇబ్బంది. ఇదంతా శామ్యూల్ రాయించిన కాగితంలోంచి వచ్చిందే. కేథరిన్ 1622లో ప్రధాన న్యాయమూర్తికి అర్జీ పెట్టుకుంటే దానికి అతనిచ్చిన జవాబు అది. భార్య మాట కూడా అందులో ఉందిగానీ మొగుడి నోటి మీదుగానే: బ్లేక్‌వేతో తనకి ముందే మాట కుదిరిందనీ, సాక్షులు లేకపోయినా దేవుడి ముందు అది పెళ్లేననీ ఆమె అందట. ఆ కాలపు ఇంగ్లాండ్‌లో ముందు కుదిరిన మాటకి చట్టంలోనూ విలువ ఉండేది. కాబట్టి దాన్ని వట్టి సాకుగా కొట్టిపారేయలేం.

బతికిన రిచర్డ్ పెద్దయ్యాక అమెరికాలోని సేలం ఊళ్లో ఓడ కెప్టెన్ అయ్యాడు. 1636లో క్రిస్టియన్ హంటర్ అనే ఆమెని పెళ్లి చేసుకున్నాడు. ఆమె సేలంలో ఉండగానే 1645లో లండన్ దగ్గరి స్టెప్నీ చర్చిలో ఎలిజబెత్ వుల్నో అనే ఆమెనీ పెళ్లాడాడు. ముసలితనంలో, 1688లో, వ్యభిచారం కింద సేలం చర్చి అతన్ని వెలివేసింది. పశ్చాత్తాపపడ్డాక 1691లో మళ్లీ చేర్చుకుంది. అతని సమాధి రాయి సేలంలో ఇప్పటికీ ఉంది. పెట్టినచోటే నిలిచిన మేఫ్లవర్ ప్రయాణికుడి రాయి అదొక్కటే. దాని మీద 'మేఫ్లవర్ యాత్రికుడు' అన్న మాట మాత్రం చాలా తర్వాత ఎవరో చెక్కించింది.

కాగితాలు అడిగే సంఘం లెక్కలో పిల్లల తండ్రి ఎవరన్నది పెద్ద చిక్కేమీ కాదు. వాళ్లకి రిచర్డ్ నుంచి కిందికి వస్తే చాలు. పైకి వెళ్లాలనుకునే వారసులకి ష్రాప్‌షైర్‌లోని షిప్టన్ చర్చి రిజిస్టరు ఉంది. 1614 నవంబరు 13న బాప్తిస్మం ఇచ్చిన రిచర్డ్ ఎవరి కొడుకో అందులో రాసి ఉంది: లార్డెన్ శామ్యూల్ మోర్, అతని భార్య కేథరిన్.