కడుపుతో ఉన్నప్పుడు టెన్షన్: అపోహలు - వాస్తవాలు

"డాక్టర్ గారూ, ఐదో నెలలో బాగా ఏడ్చాను. బిడ్డ మెదడు దెబ్బతిని ఉంటుందా?" ఓపీలో తరచూ వినే ప్రశ్న ఇది. స్కాన్ బాగుందని చెప్పినా ఆ భయం పోదు. వాట్సాప్‌లో ఇలాంటి పుకార్లు పంపేవాళ్లకు గర్భిణి ఎంత హడలిపోతుందో తెలియదా?

అపోహ: తల్లి కాస్త బాధపడినా బిడ్డ మెదడు పాడవుతుంది.

వాస్తవం: కాదు. టెన్షన్ పడినప్పుడు ఒంట్లో పెరిగే హార్మోన్ కార్టిసాల్. అది ప్రతి గర్భిణిలోనూ పెరుగుతుంది, నెలలు నిండేసరికి రెండు మూడు రెట్లవుతుంది. అందులో చాలా భాగాన్ని మాయలోని ఒక ఎంజైమ్ పనిచేయని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. ఒక గొడవ, ఒక ఏడుపు ఈ కాపలాను దాటి మెదడును పాడుచేస్తాయనడానికి ఆధారం లేదు.

పరిశోధకులను కలవరపెట్టేది నెలల తరబడి సాగే తీవ్రమైన ఆందోళన, డిప్రెషన్, ఇంట్లో హింస. 1998లో కెనడాలోని క్యూబెక్‌లో మంచు తుఫాను వల్ల కొన్ని ఇళ్లకు వారాలపాటు కరెంటు లేదు. అప్పటి గర్భిణుల పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తే, ఎక్కువ కష్టాలు పడ్డ తల్లుల పిల్లల్లో మాటలు, తెలివితేటల సగటు మార్కులు కొంత తగ్గాయి. బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, బాగా ఎక్కువ ఆందోళన ఉన్న తల్లుల పిల్లల్లో ప్రవర్తన సమస్యల రిస్కు సుమారు 5 శాతం నుంచి 10 శాతానికి పెరిగింది. అంటే ఆ తల్లుల పిల్లల్లోనూ 100కి 90 మందికి ఆ సమస్య రాలేదు.

ఈ అపోహ వల్ల అసలు నష్టం ఎక్కడో చెప్తాను. ఒకావిడ నెలల తరబడి నిద్రలేక, తిండి సహించక నలిగిపోయింది. ఎనిమిదో నెల దాకా నోరు విప్పలేదు. "చెప్తే బిడ్డను పాడుచేశానంటారని" అంది. అది డిప్రెషన్, వైద్యం ఉన్న జబ్బు. ముందే చెప్పి ఉంటే అన్ని నెలలు ఒంటరిగా మోయాల్సిన పనే లేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అపోహ: తల్లి టెన్షన్ వల్లే ఆటిజం వస్తుంది.

వాస్తవం: తప్పు. అందులో పెద్ద పాత్ర జన్యువులది.

అపోహ: కడుపుతో ఉంటే డిప్రెషన్ మందులు వెంటనే ఆపేయాలి.

వాస్తవం: సొంతంగా ఆపొద్దు, జబ్బు తిరగబెట్టవచ్చు. డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

అపోహ: పుట్టాక ఇంక చేసేదేమీ లేదు.

వాస్తవం: మెదడు ఏళ్ల తరబడి ఎదుగుతూనే ఉంటుంది. ఎత్తుకోవడం, కబుర్లు చెప్పడం, ఏడిస్తే పలకడం చాలా మేలు చేస్తాయి.

రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. చనిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఇంట్లోవాళ్లూ, "టెన్షన్ పడకు, బిడ్డకు మంచిది కాదు" అనడం మానండి. ఆమె పనిలో సగం మీరు అందుకోండి, చెకప్‌కు తోడు వెళ్లండి.