చలికి బ్యాక్టీరియా నిద్రపోతుందా? అపోహలు - వాస్తవాలు

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని అనగానే అందరూ అడిగేది ఫ్రిజ్ గురించే. కాబట్టి అక్కడినుంచే మొదలెడతాను.

అపోహ: చల్లబడితే బ్యాక్టీరియా నిద్రలోకి జారుకుంటుంది.

వాస్తవం: మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాని 37 డిగ్రీల నుంచి ఒక్కసారిగా 10 డిగ్రీలకు దించితే కొన్ని గంటలపాటు పెరుగుదల ఆగిపోతుంది. పైకి చూస్తే నిద్రే. లోపల మాత్రం హడావుడి అప్పుడే. చలికి, ప్రొటీన్ల తయారీకి సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏ పోగులు తమలో తామే మెలికలు పడి బిగుసుకుంటాయి, వాటిని చదివి ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములకు ఆ పని కష్టమవుతుంది. ఆ మెలికల్ని సడలించేందుకు సీఎస్‌పీఏ అనే చిన్న ప్రొటీన్ కుప్పలుగా తయారవుతుంది. మిగతా ప్రొటీన్ల తయారీ చాలావరకు ఆగిపోయిన వేళ ఇదొక్కటీ ఎలా తయారవుతోంది? ఈ కథలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. సీఎస్‌పీఏకి చెందిన ఆర్‌ఎన్‌ఏ చలిలో మరో ఆకారంలోకి మడతపడుతుంది. ఆ ఆకారాన్ని రైబోజోములు ఇంకా తేలిగ్గా చదువుతాయి. పైగా 37 డిగ్రీల దగ్గర సెకన్లలో ఛిద్రమయ్యే ఆ ఆర్‌ఎన్‌ఏ, చలిలో నిమిషాల తరబడి నిలుస్తుంది. కణానికి వేరే థర్మామీటరు అక్కర్లేదు, ఆ అణువే థర్మామీటరు.

అపోహ: చలి వల్ల నష్టమంటే మంచు స్ఫటికాలే.

వాస్తవం: 10 డిగ్రీల దగ్గర మంచెక్కడిది? అక్కడ బిగుసుకునేది కణత్వచం, అంటే కణం చుట్టూ ఉండే కొవ్వు పొర. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడుతుంది, నువ్వులనూనె కట్టదు. తేడా కొవ్వు ఆమ్లాల్లో కార్బన్ల మధ్య ఉండే ద్విబంధాలది: అవి ఎక్కువుంటే కొవ్వు తేలిగ్గా గడ్డకట్టదు. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా నమ్ముకున్నదీ ఆ కిటుకునే: పొర బిగుసుకుందని డెస్‌కే అనే ప్రొటీన్ పసిగట్టగానే డెసాట్యురేజ్ ఎంజైము తయారై, కొవ్వు ఆమ్లాలకు ద్విబంధాలు చేరుస్తుంది. పొర మళ్లీ సడలుతుంది.

మంచు సంగతి గడ్డకట్టించినప్పటిది. నెమ్మదిగా గడ్డకడితే ముందు బయటి నీరు మంచవుతుంది, మిగిలిన ఉప్పుద్రవం చిక్కబడి కణంలోని నీటిని లాగేస్తుంది.

అపోహ: డీప్ ఫ్రీజర్‌లో పెడితే క్రిములన్నీ చస్తాయి.

వాస్తవం: కొన్ని చస్తాయి. మేమైతే కల్చర్లలో (ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియాలో) మంచు దెబ్బనుంచి కాపాడే గ్లిసరాల్ కలిపి, ఏళ్ల తరబడి బతికించుకునేది మైనస్ 80 ఫ్రీజర్‌లోనే!

అపోహ: ఫ్రిజ్‌లో ఏదీ పెరగదు.

వాస్తవం: లిస్టీరియా మోనోసైటోజెనెస్ అనే బ్యాక్టీరియా 4 డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతుంది. అంటార్కిటికా మట్టిలో దొరికిన సూడోమోనాస్ సిరింజే రకమూ అంతే. దానిమీద హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో జరిగిన పనిలో తేలిందేమిటంటే, డీఎన్‌ఏను బాగుచేసే ఆర్‌ఈసీబీసీడీ వ్యవస్థను తీసేస్తే ఆ బ్యాక్టీరియా 22 డిగ్రీల దగ్గర పెరుగుతుంది గానీ 4 డిగ్రీల దగ్గర పెరగలేదు. అంటే చలి డీఎన్‌ఏ జోలికీ వస్తుందన్నమాట.