రింగు వాళ్లది, గల్లాపెట్టె వేరేవాళ్లది

ఆదివారం భోజనాలయ్యాక గుంటూరు బ్రాడీపేటలోని మా అక్క వాళ్లింట్లో ఒక చిన్న తంతు నడుస్తుంది. మా అక్క కూతురు ఫోన్‌ని నీళ్ల చెంబుకి ఆనించి పెట్టుకుని టోక్యోలోని ఒక గదిని చూస్తుంది. గది అంటే ఉత్త గదే. రింగు లేదు, తాళ్లు లేవు. నేల మీద మ్యాట్ పరిచి ఉంటుంది, పక్కన కిటికీలు. ఇద్దరమ్మాయిలు ఒకరినొకరు ఎత్తి కుదేస్తుంటారు. ఉన్నట్టుండి ఒకమ్మాయి కిటికీ గట్టెక్కి రెండో అమ్మాయి మీదకి దూకుతుంది. మ్యాట్ మీద వీపు పడ్డ చప్పుడు వంటింట్లో ఉన్న నాకు కూడా వినిపిస్తుంది.

మొన్న అలా చూస్తూనే అడిగింది. “పిన్నీ, ఇంతమంది చూస్తున్నారు కదా, మరి ఈ ఆడవాళ్ల రెజ్లింగ్ కంపెనీలు ఎప్పుడు చూసినా డబ్బుల్లేవంటాయేంటి?”

మంచి ప్రశ్న. జవాబు చెప్పాలంటే దాదాపు తొంభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందుగా ఒక మాట. ఇది ఒలింపిక్స్‌లో ఉండే కుస్తీ కాదు, ప్రొఫెషనల్ రెజ్లింగ్. రెజ్లర్ల బొమ్మలున్న ట్రంప్ కార్డులు ఆడిన తరానికి విడమర్చి చెప్పక్కర్లేదు. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. కానీ పడటం నిజం, దెబ్బ నిజం, మెడ విరిగితే అదీ నిజమే. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగితే మా పిల్ల గుంటూరు నుంచి బస్సెక్కి వెళ్లింది. జాన్ సీనా కోసమని వెళ్లి, రియా రిప్లీ, నటాల్యా ఆడిన మ్యాచ్ గురించి వారం రోజులు మాట్లాడింది. ఆడవాళ్ల రెజ్లింగ్‌కి చూసేవాళ్లు లేరనే మాటను నేను నమ్మను. అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

అమెరికాలో మిల్డ్రెడ్ బర్క్ అనే ఆవిడ 1930లలో జాతర్లలో మగవాళ్లతో తలపడేది. పది నిమిషాల్లో తనను చిత్తు చేసిన మగవాడికి 25 డాలర్లు ఇస్తామని పందెం. 1937లో ఆడవాళ్ల చాంపియన్ అయింది. హాళ్లు నిండేవి. మన దేశంలోనూ 1950లలో హమీదా బాను అలాంటి సవాలే విసిరింది. నన్ను ఓడించిన వాణ్ని పెళ్లి చేసుకుంటానంది. 1954లో బరోడాలో బాబా పహిల్వాన్‌ని 1 నిమిషం 34 సెకన్లలో పడగొట్టింది.

బర్క్ సంగతి ఇక్కడ ముఖ్యం. ఆవిడ మేనేజరు ఆవిడ భర్తే, పేరు బిల్లీ వుల్ఫ్. ఆమె ఒక్కదాని పోటీలే కాదు, అప్పట్లో దేశంలోని చాలామంది మహిళా రెజ్లర్ల పోటీలు ఆయన చేతి మీదుగానే కుదిరేవి. వాళ్ల సంపాదనలో పెద్ద వాటా ఆయన జేబులోకి పోయేది. 1952లో విడాకులయ్యాయి. పేరు ఆవిడది, జనం వచ్చేది ఆవిడ కోసం, కానీ పోటీలు కుదిర్చే ప్రమోటర్ల సంఘంలో ఆడవాళ్లకు సభ్యత్వమే లేదు. దాంతో చాంపియన్ అయ్యుండీ పని దొరకని పరిస్థితి వచ్చింది. సొంతంగా ఒక సంస్థ పెట్టుకుని, 1954 నవంబరులో కొంతమంది రెజ్లర్లను వెంటబెట్టుకుని జపాన్ వెళ్లింది. ఆ పర్యటనే అక్కడ ఆడవాళ్ల రెజ్లింగ్‌కి విత్తనమైంది. అమెరికాలో మాత్రం న్యూయార్క్ రాష్ట్రం 1972 దాకా ఆడవాళ్లను రింగులోకే రానివ్వలేదు.

నేను మా పిల్లకి చెప్పింది ఇదే. చూసేవాళ్లు లేక కంపెనీలు మూతపడలేదు. గల్లాపెట్టె తాళంచెవి ఎప్పుడూ వేరేవాళ్ల దగ్గరే ఉండిపోయింది.

1986లో లాస్ వేగాస్‌లో ‘గ్లో’ అనే ఆడవాళ్ల రెజ్లింగ్ షో టీవీలో మొదలైంది. ఆడినవాళ్లలో ఎక్కువమంది అంతకుముందు రింగు ఎక్కనివాళ్లే, నటులు, డాన్సర్లు. అయినా బాగా నడిచింది. పెట్టుబడి రివియెరా హోటల్ యజమాని మెషులం రిక్లిస్‌ది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోగానే 1990లో షో ఆగిపోయింది. టీవీ ముందు జనం ఉండగానే ఆగింది. పదకొండేళ్ల తర్వాత, 2001లో, ఆ పేరును కొనుక్కున్నది ఒకప్పుడు అందులో ఆడిన ఉర్సులా హేడెన్. ఆ అమ్మాయిల దెబ్బలతో పెరిగిన పేరది.

జపాన్ కథ ఇంకా బాధగా ఉంటుంది. 1968లో మత్సునాగా అన్నదమ్ములు ‘ఆల్ జపాన్ విమెన్స్’ పెట్టారు. 1980లలో చిగుసా నగాయో, లయనెస్ అసుకా జంటగా ‘క్రష్ గాళ్స్’ పేరుతో ఆడుతుంటే స్కూలు పిల్లలు హాళ్లలో ఏడ్చేవాళ్లు. ఫుజీ టీవీలో మ్యాచులు, ఆ ఇద్దరి పాటల రికార్డులు, ఫొటోలు, టీషర్టులు... డబ్బు వచ్చిపడింది. అంత చేసినా రెజ్లర్‌కి ఇరవై ఆరేళ్లు వచ్చేసరికి తప్పుకోవాలన్నది కంపెనీ కట్టుబాటు. పేరు పూర్తిగా పండే వయసులో ఇంటికి పంపేవాళ్లు. 1994 నవంబరు 20న టోక్యో డోమ్‌లో దాదాపు పది గంటలపాటు సాగిన షో పెట్టారు, అంత పెద్ద స్టేడియంలో.

మరి మూడేళ్లకే జీతాలు ఎందుకు ఆగిపోయాయి? రింగులో వచ్చిన డబ్బు రింగులో ఉండలేదు. స్థలాల్లో, రెస్టారెంట్లలో పెట్టారు. జపాన్‌లో భూముల ధరలు కుప్పకూలాక అప్పులు మిగిలాయి. గుంటూరుకీ విజయవాడకీ మధ్య బతికేవాళ్లకి, ఎకరం ధర ఎగిరి ఎగిరి ఆగిపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. 1997లో కంపెనీ దివాలా తీసింది. పేరున్న రెజ్లర్లు చాలామంది వెళ్లిపోయి వేరే కుంపట్లు పెట్టుకున్నారు. ఒక పెద్ద కంపెనీ చూసే జనమే నాలుగైదు చిన్న కంపెనీల మధ్య చీలిపోయారు. 2005 ఏప్రిల్‌లో ఆల్ జపాన్ విమెన్స్ మూతపడింది. అదే నెలలో చిగుసా నగాయో సొంతంగా పెట్టుకున్న ‘గాయా’ కూడా మూతపడింది. తాళంచెవి రెజ్లర్ చేతిలో ఉన్నంత మాత్రాన సరిపోదని అక్కడ తెలుస్తుంది.

ఎందుకు సరిపోదో రింగు చూస్తే అర్థమవుతుంది. నాలుగు స్తంభాలు, మూడు వరసల తాళ్లే కదా అనుకుంటాం. కింద ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పైన పల్చటి ఫోమ్, దాని మీద బిగించి కట్టిన కాన్వాస్. దాన్ని లారీలో తేవాలి, పొద్దున్నే బిగించాలి, రాత్రికి విప్పి మళ్లీ ఎక్కించాలి. హాలు అద్దె, అంబులెన్స్, ఊరి నుంచి ఊరికి ప్రయాణాలు. వందమంది వచ్చినా వెయ్యిమంది వచ్చినా ఈ ఖర్చు పెద్దగా తగ్గదు. అందుకే చిన్న కంపెనీల్లో రెజ్లర్లే టికెట్లు అమ్ముతారు, మ్యాచ్ అయిపోయి చెమట ఆరకముందే బల్ల దగ్గర కూర్చుని ఫొటోలూ అమ్ముతారు. సురభి వాళ్లు తరతరాలుగా ఇలాగే బతికారు. కుటుంబమంతా వేషం కడుతుంది, కుటుంబమే తెర కడుతుంది.

2005లో చికాగో పక్కన బెర్విన్‌లో మొదలైన ‘షిమ్మర్’ అనే ఆడవాళ్ల కంపెనీ ఒక ఉపాయం చేసింది. రెజ్లర్లను పిలిపించి, ఒకే రోజు రెండు డీవీడీలకు సరిపడా మ్యాచులు తీసేది. టికెట్ల మీద కాక డీవీడీల మీద బతకాలని. తర్వాత డీవీడీలు కొనేవాళ్లే తగ్గిపోయారు. జపాన్‌లో 2010లో పుట్టిన ‘స్టార్‌డమ్’ని 2019లో కార్డు గేముల కంపెనీ బుషిరోడ్ కొనేసింది. స్టార్‌డమ్ నిలబడింది, పెరిగింది కూడా. చిన్నదిగా ఉంటూనే నిలబడిందా అంటే మాత్రం, లేదు.

మా పిల్ల చూసే గది ఇచిగాయా చాక్లెట్ స్క్వేర్. అక్కడ ‘చోకోప్రో’ని 2020 మార్చిలో, కరోనా రోజుల్లో, యూట్యూబ్ కోసం మొదలుపెట్టింది ఎమీ సకురా. ఆమే రెజ్లర్, ఆమే గురువు. మన దేశపు కుర్రాడు బలియన్ అక్కి మొదట్లోనే అందులో ఆడాడు. రింగు లేదు కాబట్టి లారీ లేదు. చూసేవాళ్లు పంపే చిన్న చిన్న మొత్తాలే ఆధారం. అందులోనూ లైవ్ చూస్తూ డబ్బు పంపే సూపర్ చాట్‌లో వచ్చినదాంట్లో 30 శాతం యూట్యూబ్ ఉంచేసుకుంటుంది. మా అక్కకి తెలియకుండా ఈ పిల్ల కూడా ఒకసారి నూట యాభై రూపాయలు పంపింది. తెలిశాక అక్క కోప్పడింది. నేను కోప్పడలేదు.

మన ఊళ్లోనూ ఇలాంటిది పెడితే? విజయవాడలో అమ్మాయిలకి కుస్తీ నేర్పే మాస్టారు ఒకాయన నాకు తెలుసు. రెండేళ్ల కిందట ఒక షో పెడదామని తిరిగారు, ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. ఒక ఆఫీసులో, ఫలితం ముందే తెలిసేది క్రీడ ఎలా అవుతుంది, నాటకాల వాళ్లని అడగండి అన్నారు. నాటకాల వ్యవహారాలు చూసే చోట, ఇది కుస్తీ కదండీ, ఇక్కడికెందుకొచ్చారు అన్నారు. ఈ గందరగోళం అమెరికాలోనూ ఉండేది. 1989లో న్యూజెర్సీలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) తమది పోటీ కాదు, వినోదమేనని స్వయంగా ఒప్పుకుని క్రీడా కమిషన్ పన్నుల నుంచి బయటపడింది. అంత పెద్ద కంపెనీకి లాయర్లుంటారు. మాస్టారికి ఒక సైకిల్, పద్నాలుగుమంది పిల్లలు, రోజూ తుడిచి ఎండబెట్టుకునే మ్యాట్లు ఉన్నాయి. రింగు అద్దె విన్నాక ఆ ఆలోచన మానుకున్నారు.

పోయిన వారం మా పిల్ల ఆ టోక్యో గది వీడియో ఆయనకి పంపింది. రాత్రి ఫోన్ చేశారు. “ఇది రెండుసార్లు చూశానమ్మా. వీళ్లకి రింగే లేదు కదా. మ్యాట్లయితే మన దగ్గర కూడా ఉన్నాయి.”