తొలి పలుకుకు ముందు

మాటలు రాని పసివాళ్ళకు ఏం వినిపిస్తోందో ఎలా తెలుస్తుంది? 1971లో పీటర్ ఐమాస్ బృందం పాలపీకను ఆశ్రయించింది. నెల, నాలుగు నెలల పిల్లలకు ఒకే శబ్దాన్ని పదేపదే వినిపిస్తూ, పీకను ఎంత జోరుగా చప్పరిస్తున్నారో కొలిచింది. విసుగొచ్చేసరికి జోరు తగ్గింది. ‘బ’ బదులు ‘ప’ వినిపించగానే మళ్ళీ పెరిగింది. ఇలా తేడా పట్టడం మనిషికే దక్కిన వరమని మురిసిపోనక్కర్లేదు: చించిల్లా అనే చిన్న జంతువు కూడా ఇలాంటి శబ్దాలను దాదాపు మనలాగే విడదీయగలదని 1975లో తేలింది.

పుట్టిన బిడ్డ చెవి ఏ భాషకైనా సిద్ధమే. ఆ వెసులుబాటు ఎన్నాళ్ళో ఉండదు. జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ఇంగ్లిష్ ఇళ్ళలో పెరుగుతున్న పిల్లలకు హిందీలోని ‘త’, ‘ట’ వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వాళ్ళలో ఎక్కువమంది తేడా పట్టేశారు. ఏడాది నిండబోయే వాళ్ళలో చాలామంది పట్టలేకపోయారు. చెవి మొద్దుబారిందని కాదు, ఇంట్లో పనికిరాని తేడాను పట్టించుకోవడం మానేశారంతే. దీన్ని నష్టమనడానికి నాకు మనసొప్పదు. వదిలేయడమూ నేర్చుకోవడంలో భాగమే.

అసలు చిక్కు మాటలను విడదీయడంలో ఉంది. రాతలో ఉన్నట్టు మాటకూ మాటకూ మధ్య మాట్లాడేటప్పుడు ఖాళీ ఉండదు. తెలియని భాష వింటే మనకూ అంతా ఒకటే ధార. 1996లో జెన్నీ సాఫ్రన్ బృందం ‘బిడాకు’, ‘పడోటి’, ‘గోలాబు’ లాంటి నాలుగు అర్థంలేని మాటలను ఎక్కడా ఆపకుండా కలిపి, ఎనిమిది నెలల పిల్లలకు రెండే నిమిషాలు వినిపించింది. ‘బి’ తర్వాత ఎప్పుడూ ‘డా’నే వస్తుంది. ‘కు’ తర్వాత మాత్రం మిగతా మూడు మాటల్లో ఏదైనా మొదలవ్వచ్చు. ఆధారం అదొక్కటే. తర్వాత అసలు మాటల కంటే, రెండు మాటల అంచులు అతికించిన ముక్కలను పిల్లలు ఎక్కువసేపు విన్నారు. అవే వాళ్ళకు కొత్తగా తోచాయి. లెక్కలు రాని వయసులో ఇంత లెక్క!

అర్థమూ మనం అనుకునే దానికంటే ముందే మొదలవుతుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలు తల్లి ఒక వస్తువు పేరు చెప్పగానే దాని బొమ్మ వైపే ఎక్కువగా చూశారని 2012లో ఎలికా బెర్గెల్సన్, డేనియల్ స్వింగ్లీ చూపారు. పలకడానికి ఇంకా నెలలు పడుతుంది.

అలాగని టీవీ ముందు కూర్చోబెడితే చాలదు. 2003లో ప్యాట్రిషియా కూల్ బృందం అమెరికా పిల్లలకు తొమ్మిది నెలల వయసులో చైనీస్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాషలోని శబ్దాల తేడాలు వాళ్ళకు పట్టుబడ్డాయి. అదే మాటలు వీడియోలో విన్న పిల్లలకు ఏమీ అంటలేదు.